నా పక్క బ్రేకు

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం మా డ్రైవింగ్ స్కూలుది. ఎడమవైపు స్టూడెంట్ పేరు రాయాలి, కుడివైపు కిలోమీటర్లు. నేను రెండు గళ్ళూ దాటించి అడ్డంగా రాసేస్తున్నాను. అరవాలనిపించినప్పుడల్లా నోరు మూసుకుని ఇందులో రాసుకోమని వదిన ఆర్డరు.

వదిన అంటే మా ఆయనకి అక్కయ్య. స్కూలు ఆవిడదే. మూడు కార్లు, ఒక ఫోను, ఒక కంప్లయింట్ల పుస్తకం. కార్లలో ఒకటి నేను నడుపుతాను, ఒకటి మా ఆయన నడుపుతారు, మూడోది ఎప్పుడు చూసినా మెకానిక్ దగ్గరే ఉంటుంది. కంప్లయింట్ల పుస్తకం మాత్రం మొత్తం నాదే.

ఇవాళ అందులో మూడో కంప్లయింటు పడింది. శనివారం ఒక రిటైరైన లెక్కల మాస్టారికి నేర్పుతున్నాను. ముందు సైకిలు అడ్డమొచ్చింది. బ్రేక్! అని అరిచాను. మాస్టారు బ్రేక్ వేశారు. హ్యాండ్‌బ్రేక్ కూడా వేశారు. సీట్‌బెల్ట్ తీసుకున్నారు. తలుపు తీసి, దిగి, పక్కన ఆగిన సిటీ బస్సెక్కి ఇంటికెళ్ళిపోయారు. నడిరోడ్డు మీద కారు, కారులో నేను, వెనక హారన్లే హారన్లు.

వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీసిందంటే విషయం ముదిరిందని అర్థం. ఈ నెలాఖరుదాకా చూస్తానంది. ఇంకొక్కటి పడితే ఏప్రిల్ నుంచి నా కారు కొత్త ఇన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చేసి నన్ను ఫోను దగ్గర కూర్చోబెడుతుందట. పదకొండేళ్ళుగా నేర్పుతున్న కారు! ఫోను దగ్గర నేనేం చేస్తాను? నేను హలో అంటే అవతలివాళ్ళు రిసీవరు మూరెడు దూరంలో పట్టుకుంటారు.

ఆఖరి ఛాన్సుగా పళ్ళ డాక్టరమ్మని నాకు అప్పజెప్పింది. ఆవిడ టెస్ట్ మూడుసార్లు ఫెయిలైంది. ఇరవై ఎనిమిదిన నాలుగోసారి. ఆవిడ పాసవ్వాలి, పుస్తకంలో నా మీద ఒక్క ముక్క పడకూడదు. రెండూ జరగాలట.

మరి మీ తమ్ముడి మీద ఎన్ని కంప్లయింట్లున్నాయని అడిగాను. ఒక్కటీ లేదంది. పైగా పాసైనవాళ్ళు ఆయనకి పెన్నులు తెచ్చిస్తారట. అది నాకు తెలీదా! ఇంట్లో పెన్నులు పెట్టడానికి చోటు లేదు.

అదే రోజు, సాయంత్రం

ఇంటికొచ్చి జరిగిందంతా ఆయనకి చెప్పాను. చెప్తూ ఏడ్చాను. మధ్యలో మాస్టారు బస్సెక్కిన దర్జా గుర్తొచ్చి పడీపడీ నవ్వాను. మళ్ళీ ఏడ్చాను. ఆయన గిన్నెలు తోముతూ అంతా విని, ఊఁ అన్నారు. తర్వాత, గిన్నెల సబ్బు అయిపోయిందన్నారు.

నిమ్మకు నీరెత్తినట్టు ఉంటారు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ మొహంలో నేను చూసినవి రెండే రకాలు. నిద్రపోయిన మొహం, నిద్రలేచిన మొహం.

మార్చి 5, బుధవారం

డాక్టరమ్మతో మొదటి క్లాసు. యాభై రెండేళ్ళుంటాయి. చిన్న మనిషి. సీటు ఎత్తు చాలదని ఇంటినుంచి దిండు తెచ్చుకుంది. క్లినిక్కులో పేషెంటు ఆ అనేలోపు పన్ను పీకి చేతిలో పెడుతుందని పేరు.

అద్దం సర్దింది, దిండు సర్దింది, బాగానే కదిలించింది. పెట్రోలు బంకు దగ్గర మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. ఈవిడ కిలకిలా నవ్వింది! లారీని చూసి! స్టీరింగ్ వదిలేసినంత పని చేసింది. నా పక్కనున్న బ్రేకు నేనే తొక్కాను. మా కార్లలో ఇన్‌స్ట్రక్టర్ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది లేకపోతే నేనీపాటికి గోడ మీద ఫోటోనై ఉండేదాన్ని.

అరికాలి మంట నెత్తికెక్కింది. అరవలేదు. కారు పక్కకి ఆపించి, దిగి, బానెట్ మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. లారీ లారీ లారీ. నవ్వులాటగా ఉందా. ప్రాణాలంటే నవ్వులాటగా ఉందా.

లోపల్నుంచి చూస్తోంది. ఇంకా నవ్వుతోంది.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ రౌండ్ తిరిగేచోట నవ్వింది. స్కూలు బస్సు వెనక నవ్వింది. ఇంజను ఆగిపోతే నవ్వింది. ఏడు పేజీలు రాశాను, చించేశాను.

వదినతో మొరపెట్టుకుంటే, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు అంది. డాక్టరమ్మ గురించా, నా గురించా అని అడగలేదు. అడిగితే చెప్తుంది.

మార్చి 8, శనివారం

ఈరోజు నాకు క్లాసుల్లేవు. ప్రాక్టీసు గ్రౌండు గోడమీద కూర్చుని ఆయన ఎలా నేర్పుతారో చూశాను. చూడ్డానికేముంది! ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి తలుపు వైపు. ఇటు అంటారు. అటు అంటారు. ఊఁ అంటారు. నడిపే అమ్మాయి వెనక్కి తీసుకుంటూ గోడకి జానెడు దూరంలో ఆపింది. నేనైతే ఆ పాటికి ఊరంతా లేపేదాన్ని. ఆయనకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

నిర్ణయం తీసుకున్నాను. సోమవారం నుంచి నేను మా ఆయనని. పిప్పరమెంట్లు రెండు ప్యాకెట్లు కొన్నాను. రెండు బుగ్గల్లో చెరొకటి పెట్టుకుంటే నోరు ఎలా లేస్తుందో చూస్తాను.

మార్చి 10, సోమవారం

ఇటు. అటు. ఊఁ. గ్రౌండులో దారికి గుర్తుగా నిలబెట్టే కోన్లు నాలుగు పడిపోయాయి. డాక్టరమ్మ కారాపి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. పిప్పరమెంట్ల వల్ల జవాబు చెప్పలేకపోయాను. నోరు తెరవమంది. అలవాటు కాబోలు.

మార్చి 11, మంగళవారం

తొమ్మిది కోన్లు.

మార్చి 12, బుధవారం

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

క్లాసు మొదలవకముందే డాక్టరమ్మ స్టీరింగ్ వదిలి నా వైపు తిరిగింది. ఈ రెండ్రోజుల నా మౌనం భరించలేకపోతున్నానంది. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తూ డాక్టరు మాట్లాడకపోతే పేషెంటుకి ఎలా ఉంటుందో అలా ఉందట. అందుకే తను పేషెంటుతో ఒక్క నిమిషం కూడా మాటలు ఆపదట. కొంచెం నొప్పిగా ఉంటుంది, అంతే, అంతే, అయిపోయింది, అంటూనే ఉంటుందట.

చెప్తూ చెప్తూ కారు కదిలించబోయింది, ఇంజను ఆగిపోయింది, కిలకిలా నవ్వింది. ఇక నా వల్ల కాలేదు. పిప్పరమెంట్లు కిటికీలోంచి ఉమ్మేసి అడిగేశాను. ఎందుకండీ అలా నవ్వుతారు, నా ప్రాణం మీకంత తమాషాగా ఉందా అని.

ఆవిడ మొహం పాలిపోయింది. భయమేస్తే నవ్వొస్తుందట. చిన్నప్పటినుంచీ అంతేనట. డాక్టరు చదువు ఆఖరి పరీక్షలో, ఎదురుగా ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుంటే పొట్ట పట్టుకుని నవ్విందట. వాళ్ళ నాన్నకి ఆపరేషన్ జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చుని నవ్విందట. పెదనాన్నలు, అత్తయ్యలు అందరూ చూస్తుండగా. రెండేళ్ళు ఆ ఇళ్ళవాళ్ళెవరూ ఆవిడతో మాట్లాడలేదట. ఆ రోజు భూమిలోకి కుంగిపోతున్నంత భయంగా ఉన్నా ఒక్కరూ నమ్మలేదని చెప్పి, మళ్ళీ నవ్వింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

  వారం రోజులుగా నేను కోప్పడింది భయపడుతున్న మనిషి మీద. ఆవిడ నాన్నకి తగ్గిందా అని మాత్రం అడిగాను. తగ్గిందట. ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు, పళ్ళన్నీ ఉన్నాయట.

మార్చి 15, శనివారం

బ్రేకు కీచుమంటోందని కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ముసలాయన, మా మూడు కార్లకీ ఆయనే. కింద దూరి చూసి, బయటికొచ్చి, అమ్మాయ్, నీ పక్క బ్రేకు మీద రబ్బరు మొత్తం అరిగిపోయి ఇనుము బయటపడిందన్నాడు. మీ ఆయన కారుకి ఇదే రబ్బరు ఇదే రోజు వేశాను, అది కొత్త పెళ్ళికూతురిలా ఉందన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఇంత తేడా ఏమిటమ్మా అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కంప్లయింట్ల పుస్తకం చాలదన్నట్టు ఇప్పుడు కారు కూడా సాక్ష్యం చెప్తోంది. రబ్బరు, కీచుమనే బ్రేకు రెండూ మార్చడానికి రెండ్రోజులు పడుతుందట. మూడో కారు అడిగితే అది ఇంజను లేకుండా ఉంది. సోమవారం ఆయన కారు తీసుకోవాలి.

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం

ఆయన కారులో, ఆయన సీట్లో కూర్చున్నాను. పదకొండేళ్ళలో మొదటిసారి. మా కార్లు మేమెప్పుడూ మార్చుకోం. డాక్టరమ్మ ఇంకా రాలేదు. ఊరికే ఉండలేక తలుపు మీద చెయ్యి వేశాను. లాగడానికి ఉండే పిడి కింద మెత్తని భాగం ఉంటుంది కదా, అక్కడ నా వేళ్ళు గుంటల్లోకి దిగాయి.

వంగి చూశాను. నాలుగు గుంటలు. పైన రెక్సిన్ చిరిగి, లోపలి స్పాంజి నలిగి, అడుగున రేకు తగులుతోంది. నాలుగు వేళ్ళ అచ్చులు. ఆయనవే. చిటికెన వేలు కొంచెం వంకర, ఆ గుంట కూడా వంకరే.

ఆ శనివారం గోడమీద కూర్చుని నేను చూసింది ఈ చెయ్యినే. తలుపు వైపున్న చెయ్యి. ఊఁ అంటున్నంతసేపూ దీన్ని ఇలా నలిపేస్తున్నారన్నమాట. జానెడు దూరంలో గోడ. పదకొండేళ్ళు. రోజుకి ఆరు క్లాసులు.

అక్కడే కూర్చుని బావురుమన్నాను. డాక్టరమ్మ దిండు పట్టుకుని వచ్చి, నన్ను చూసి, భయపడి, నవ్వింది. ఆవిడ నవ్వు చూసి నేనూ నవ్వాను. వీధిలో వెళ్ళేవాళ్ళు మమ్మల్ని ఏమనుకున్నారో.

అదే రోజు, సాయంత్రం

ఆయన్ని అడిగాను. మీకు కూడా భయమేస్తుందా అని. బట్టలు మడతపెడుతున్నారు. చొక్కా మడత విప్పి, మళ్ళీ మడతపెట్టి, రోజూ వేస్తుందన్నారు. మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమని దెబ్బలాడాను. నీకు నోరుంది, నాకు పిడి ఉంది అన్నారు.

దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉంటారని ఈయన్ని నేను ఎంతమంది దగ్గర అన్నానో! వదిన దగ్గర అన్నాను. మా అమ్మ దగ్గర అన్నాను. చెయ్యి చూపించమన్నాను. వేళ్ళ చివర్లు కాయలు కాసి ఉన్నాయి. గిన్నెలు తోమడం వల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు ఆయన మీద అంత ప్రేమ, అంత కోపం ఒకేసారి రావడం ఇదే మొదలు. రెండూ గట్టిగానే చెప్పాను. ఊఁ అన్నారు.

మార్చి 18, మంగళవారం

డాక్టరమ్మతో ఒప్పందం కుదిరింది. ఆవిడ నవ్వితే భయమేసిందని నేను అర్థం చేసుకోవాలి. నేను అరిస్తే నాకు భయమేసిందని ఆవిడ అర్థం చేసుకోవాలి, కోపమనుకోకూడదు. ఇంకొకటి ఆవిడే అడిగింది. తను పేషెంటుతో మాట్లాడినట్టు నేను ఆపకుండా మాట్లాడుతూ ఉండాలట. బాగా చేసినప్పుడు కూడా అరవాలట.

ఇది నన్ను ప్రత్యేకంగా అడగాలా! ఇన్నేళ్ళుగా ఒక్కరూ అడగలేదు.

మార్చి 19, బుధవారం

అబ్బబ్బ ఏం తిప్పారండీ, ఏం తిప్పారు! అని అరిస్తే పళ్ళబండివాడు కూడా చప్పట్లు కొట్టాడు. రెండు కోన్లు.

మార్చి 21, శుక్రవారం

ఒక్క కోనూ పడలేదు!!!

మార్చి 24, సోమవారం

ఎదురుగా అదే లారీ, అదే మలుపు. ఆవిడ నవ్వింది, నేను అరిచాను, ఆవిడ నవ్వుతూనే స్టీరింగ్ తిప్పింది, లారీ వెళ్ళిపోయింది. నా కాలు బ్రేకు మీద ఉంది గానీ తొక్కలేదు. తొక్కలేదన్న సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

మార్చి 27, గురువారం

కొంప మునిగింది. రేపటి టెస్టుకి కొత్త రూలట. ముందు సీట్లో టెస్ట్ ఆఫీసరు కూర్చుంటాడు. ఇన్‌స్ట్రక్టరు వెనక సీట్లో కూర్చోవాలి. వెనకనుంచి ఒక్క మాట వినిపించినా అభ్యర్థి ఫెయిల్. ఊఁ అన్నా ఫెయిలే.

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఫోనులో చాలాసేపు నవ్వింది.

ఆయన్ని రేపు నాతో రమ్మన్నాను. క్లాసుందన్నారు. నా మొహం చూసి, వెనక సీట్లో కిటికీ పైన కూడా ఒక పిడి ఉంటుంది, దాన్ని పట్టుకో అన్నారు. అంతే. అది చెప్పి నిద్రపోయారు. సరే, నిద్రపోయిన మొహం పెట్టుకున్నారు. ఇప్పుడు నాకు తేడా తెలుస్తోంది.

మార్చి 28, శుక్రవారం

పదిన్నరకి మా వంతు. ఆఫీసరు పొడుగ్గా, ఇస్త్రీ మడతలా ఉన్నాడు. ఒళ్ళో అట్ట, అట్టకి కాగితం. నేను వెనక కూర్చుని, కిటికీ పైన పిడి పట్టుకుని, పెదాలు బిగించాను.

గ్రౌండులో బాగానే చేసింది. ఏం తిప్పారండీ అనాలని నాలిక చివరిదాకా వచ్చింది, మింగాను. రోడ్డు మీదికి వెళ్ళాం. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమన్నాడు. మూడుసార్లూ ఆవిడ ఫెయిలైంది ఈ ఎత్తు దగ్గరే. ఆపింది. కారు జానెడు వెనక్కి జారింది. వెనకాల పాల వ్యాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగట్లేదు. ఆఫీసరు పెన్ను తీశాడు. కారు ఇంకా జారుతోంది. నా కుడికాలు లేని బ్రేకు కోసం ముందు సీటు కింద వెతుకుతోంది. నా గొంతులో అరుపు నిండిపోయింది. పిడిని లాగాను. లాగాను. లాగాను.

టప్పుమంది.

పిడి ఊడి నా చేతిలోకి వచ్చేసింది, రెండు స్క్రూలతో సహా. ఆఫీసరు వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మ అద్దంలోంచి చూసింది, పిడి పట్టుకుని నోరు మూసుకున్న నన్ను. ఒక్క క్షణం నవ్వు ఆపింది. తర్వాత గట్టిగా, తన పేషెంటుతో అన్నట్టే అంది. కొంచెం నొప్పిగా ఉంటుంది, అంతే. అంతే, అంతే. అయిపోయింది. కారు సాఫీగా ఎత్తెక్కేసింది.

ఆఫీసరు ఆవిడని, ఎవరితో మాట్లాడారని అడిగాడు. కారుతో అంది. కారుతో మాట్లాడకూడదని రూల్లో లేదు. పాస్!

గేటు బయటికి వచ్చాక ఇద్దరం దిగాం. నేను అరిచిన అరుపుకి చెట్టు మీద పక్షులన్నీ లేచిపోయాయి. ఆవిడ నవ్వలేదు. ఇప్పుడు భయం లేదుగా. నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం ఆయనకి చెప్తే ఊఁ అన్నారు. మెడ, ముక్కు ఎండకి కందిపోయి ఉన్నాయి. ఎక్కడ తిరిగారంటే దానికీ ఊఁయే.

మార్చి 31, సోమవారం

వదిన పిలిచింది. కళ్ళజోడు బల్ల మీద ఉంది.  కంప్లయింట్ల పుస్తకం తెరిచి ఉంది, డాక్టరమ్మ చేతిరాత. నమ్మకద్రోహం అనుకున్నాను. వదిన చదివింది. టెస్టు రోజు మా ఇన్‌స్ట్రక్టరు ఒక్కసారి కూడా అరవలేదు, అందువల్ల నేను చాలా ఇబ్బంది పడ్డాను, ఇటువంటిది మళ్ళీ జరగకుండా చూడగలరు, అని ఉందట.

కంప్లయింట్ కంప్లయింటే అంది వదిన. ఒక్క ముక్క పడకూడదన్నాను, పడింది అంది. నేను కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆ పక్క గడిలో, తీసుకున్న చర్య అన్నచోట, ఆవిడ పెన్నుతో రాసి పుస్తకం నా వైపు తిప్పింది. ఇకపై అరవవలసిందిగా హెచ్చరించడమైనది.

కళ్ళజోడు తీసింది కళ్ళు తుడుచుకోవడానికట. చదువుతూ అంత నవ్విందట. తాళాలు నా మీదికి విసిరింది. ఊడిన పిడి మాత్రం నేనే బిగించుకోవాలట.

ఏప్రిల్ 1, మంగళవారం

లెక్కల మాస్టారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. అరుపు వచ్చేది నాకు భయమేసినప్పుడని, మీ మీద కోపంతో కాదని చెప్పాను. ఆలోచించి, శనివారం వస్తానన్నారు. కాకపోతే బస్సు వెళ్ళే రూట్లోనే నేర్పాలట.

ఇక ఈ పుస్తకంతో నాకు పనిలేదు. అరవడానికి రాతపూర్వకంగా పర్మిషన్ ఉంది. ఇంకా సగం పేజీలు ఖాళీ. ఆయనకిచ్చాను, ఇంట్లో పెన్నులకి లోటా అని. నేనేం రాస్తానన్నారు. ఊఁ అని రాయండన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

నేను ఆమె భర్తని. రాయమంది.

ఇరవై ఎనిమిదిన నాకు క్లాసు లేదు. టెస్టు గ్రౌండు గోడ బయట ఎండలో నిలబడ్డాను. గేటు దగ్గర ఆమె అరుపు వినిపించాక ఇంటికి వచ్చాను. ఆమెకి చెప్పలేదు.

ఇవాళ రెండో క్లాసులో ఒక గేదె అడ్డమొచ్చింది. అరిచాను. బాగుంది.